కదలగల పక్షం

ఆ వారం ముసురు పట్టకపోయి ఉంటే, డ్రాయింగ్ మాస్టారు మాలకొండయ్య పెరట్లో మొలిచిన వయ్యారిభామ మామూలు కలుపుమొక్కగానే పెరిగి, మామూలు కలుపుమొక్కగానే ఎండిపోయేది. కానీ వాన వెలిసిన మర్నాడే పురపాలక సంఘం వారి డ్రోన్ పట్టణం మీద ఎగిరింది. హరిత పట్టణాల పోటీకి ఫోటోలు తీయడం దాని పని. ఎప్పుడూ జాబితా అడుగున ఉండే ఆ పట్టణం ఈసారి ఫోటోల్లో పచ్చటి తివాచీ పరిచినట్టు కనిపించింది. ఖాళీ స్థలాలు, మురుగుకాలవ గట్లు, శ్మశానం, బస్టాండు వెనక పెంటదిబ్బ, ఎక్కడ చూసినా వయ్యారిభామే. కారట్ ఆకుల్లాంటి ఆకులు, పైన తెల్లటి చిన్న పూలు. అది తగిలితే ఒళ్లంతా దద్దుర్లెక్కుతుందనీ, దాని పుప్పొడి పీలిస్తే ఆయాసం వస్తుందనీ, గేదెలు కూడా దానికి మూతి పెట్టవనీ కింద నడిచేవాళ్లందరికీ తెలుసు. డ్రోన్ పైన ఎగురుతుంది గనక దానికి తెలియదు.

పట్టణానికి మొదటి బహుమతిగా వెండి ఆకు వచ్చింది. మళ్లీ యేడు డ్రోన్ వచ్చేసరికి పచ్చదనం తగ్గి ఉంటే ఆ ఆకును వెనక్కి ఇచ్చెయ్యాలి. అందుకని కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. ఫోటోలో పడిన ప్రతి పచ్చదనమూ పురపాలక హరిత సంపద. దాన్ని నరకడం, పీకడం, తొక్కడం, కించపరచడం నిషిద్ధం. కించపరచడం అనే మాట ఎవరు చేర్చారో తెలియదు. తీర్మానంలో ఒక మాట ఎక్కువ పడితే తీసెయ్యడం ఆ కార్యాలయంలో ఎవరికీ అలవాటు లేదు.

మాలకొండయ్యకు నిషేధాలంటే భయం అనుకుంటే పొరపాటు. భయమైతే ఏదో ఒకనాడు తెగింపుతో పోతుంది. ఆయనకున్న జబ్బు అంతకంటే లోపలిది. ముద్ర వేసిన కాగితం ఏం చెప్పినా అందులో ఏదో ఒక కారణం ఉండే ఉంటుందని నమ్ముతాడు. ఆ కారణం తనకు కనిపించకపోతే లోపం తన చూపులోనే ఉందనుకుంటాడు. పోస్టాఫీసులో తన ముందు ఎవరూ లేకపోయినా, ఎవరో ఉన్నట్టు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడతాడు.

ఆయన భార్య వెంగమాంబకు ఇలాంటి జబ్బులేవీ లేవు. ఆమెకున్నవి దద్దుర్లు. ఆ ఇంటికి కుళాయి, బట్టలుతికే బండ, స్నానాలగది అన్నీ పెరట్లోనే. ఏ పనికి పోవాలన్నా నడుం ఎత్తు పెరిగిన వయ్యారిభామను ఒరుసుకుంటూ పోవాల్సిందే. మోచేతుల దగ్గర మొదలైన దద్దుర్లు మెడకెక్కాయి. రెప్పలు వాచి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. డాక్టరు చూసి చెప్పింది విన్నాక మాలకొండయ్యకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

"ఈ మందుతో తగ్గుద్ది మాస్టారూ. మొక్క ఉన్నంతకాలం మళ్లీ వస్తానే ఉంటది. చర్మంతో పోతే పర్లేదు, ఈమెకి ఊపిరితిత్తుల్లోకి దిగే లక్షణాలు కనబడతన్నాయి. పూత గింజ కట్టకముందే వేళ్లతో సహా తీయించండి. ఒట్టి చేతుల్తో ముట్టుకోబాకండి. తగలబెట్టబాకండి, ఆ పొగ ఇంకా చెడ్డది."

ఇప్పటికే తెల్లవారుజామున ఆమె గాలి పీలుస్తుంటే ఎక్కడో దూరంగా ఈల వేస్తున్నట్టు వినపడుతోంది.

ఆదివారం పొద్దున మాలకొండయ్య పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మూతికి తువ్వాలు కట్టుకుని, గునపం పట్టుకుని పెరట్లోకి దిగబోయాడు. ప్రహరీ గోడ మీద ఒక తల లేచింది. వార్డు హరిత రక్షకుడు ఏడుకొండలుది ఆ తల. నిన్నమొన్నటిదాకా అతను కుక్కలు పట్టే విభాగంలో ఉండేవాడు.

"సారూ, ఆగండి. ముట్టుకోబాకండి."

"కలుపే కదయ్యా ఏడుకొండలూ."

"కలుపో గిలుపో నాకు తెలవదు. ఫోటోలో పడింది. ఇదిగో, బిళ్ల కొట్టిపొమ్మన్నారు." అతను గోడకు రేకు బిళ్ల ఒకటి కొట్టాడు. దాని మీద హరిత సంపద అని ఉంది. "పీకాలంటే ఆఫీసులో పర్మిషన్ తెచ్చుకోండి. మీరు చదువుకున్నోళ్లు, మీకెందుకివ్వరు?"

వెంగమాంబ గడప మీద నిలబడి మెడ గోక్కుంటూ అంది. "ఏడుకొండలూ, నువ్వు కాసేపు అటు తిరిగి నిలబడు నాయనా. పది నిమిషాల్లో అయిపోద్ది."

"తిరుగుతానక్కా. సారు పీకుతారా మరి?"

ఇద్దరూ మాలకొండయ్య వైపు చూశారు. ఆయన గునపాన్ని గోడకు ఆనించి, మూతి తువ్వాలు విప్పి, మడతపెట్టి, దరఖాస్తు రాయడానికి లోపలికి వెళ్లాడు.

*

హరితాధికారి త్రివిక్రమరావు గారి బల్ల మీద ప్లాస్టిక్ పూలకుండీ ఉంది. ఆయన దరఖాస్తును ఆసాంతం చదివి, ఒక మాట దగ్గర వేలు పెట్టారు.

"కలుపు అని రాశారు. ఈ కార్యాలయంలో ఆ పదప్రయోగం నిలిపివేయబడింది. అనాహూత హరితం అనండి. అనగా పిలువకుండా వచ్చినది."

"అట్లాగేనండి. ఆ అనాహూత హరితం వల్ల మా ఆవిడకు దద్దుర్లు..."

"దద్దుర్ల విభాగం మాది కాదు. మీ విన్నపంలో ఉన్న హరితపరమైన అంశం వరకే మేము పరిశీలిస్తాము. తొలగించవచ్చు. అభ్యంతరం లేదు."

మాలకొండయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే పరిహార నాట్ల నిబంధన వర్తించును. ఒకటి తొలగించినచో అదే జాతికి చెందినవి మూడు నాటవలెను. వేపకు వేప. రావికి రావి."

"వయ్యారిభామకు?"

"నిబంధన ఏ మొక్క పట్లా పక్షపాతం చూపదు."

మాలకొండయ్య మెల్లగా అడిగాడు. "అప్పుడు మా ఇంట్లో ఒకరికున్న దద్దుర్లు బయట ముగ్గురికి వస్తాయి కదండీ?"

"తమరు డ్రాయింగ్ మాస్టారని రాశారు. లెక్కలు మాకు వదిలేయండి."

నాటాలంటే నారు కావాలి. నర్సరీలన్నీ తిరిగాడు. మొదటి నర్సరీ అతను ఆయన మొహంలోకి చూసి, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. అడక్కుండా మొలిచేదాన్ని ఎవరూ అమ్మరు. మాలకొండయ్యలాంటి దరఖాస్తుదారులు మరికొందరు పోగయ్యాక పురపాలక సంఘమే పార్కు వెనక ఒక నారుమడి తెరిచింది. నల్ల కవర్లలో ఎర్రమట్టి నింపి, పశువుల ఎరువు వేసి, పైన ఆకుపచ్చ వల కట్టి, పూటపూటా నీళ్లు పోసి వయ్యారిభామను సాకారు. అది చచ్చిపోయింది. మళ్లీ వేశారు. మళ్లీ చచ్చిపోయింది. వల అవతల, తారు రోడ్డు పగుళ్లలో మాత్రం ఏపుగా పెరుగుతూనే ఉంది.

వ్యవసాయ నిపుణుడొకాయన వచ్చి చూసి, ఈ జాతికి కావలసింది సంరక్షణ కాదు, నిర్లక్ష్యం అని తేల్చాడు. వెంటనే నిర్లక్ష్య పర్యవేక్షకుడనే పోస్టు ఒకటి సృష్టించారు. నారుమడి వైపు రాకుండా ఉండటం అతని విధి. అతను ఆ విధిని ఎంత నిష్ఠగా నిర్వహించాడంటే, చేరిన రోజు సంతకం పెట్టడానికి కూడా రాలేదు. ఉద్యోగంలో చేరినట్టు ఆధారం లేనందున నారుమడి పని ఆగిపోయింది. నారు లేదు గనక నాట్లు లేవు. నాట్లు లేవు గనక అనుమతి లేదు.

"ఇందులో తప్పెక్కడుందో నాకు కనిపించడం లేదు వెంగమ్మా" అన్నాడు మాలకొండయ్య ఆ సాయంత్రం పీట మీద కూర్చుని. ఆయన నిజంగానే వెతుకుతున్నాడు. ఒక్కో మెట్టూ సరిగ్గానే ఉంది. ఎక్కడికి చేరిందీ అన్నదే అర్థం కావడం లేదు.

"నాకు కనబడతా ఉంది" అంది ఆమె. "పీట మీద కూర్చోనుంది."

*

ఆమె ఆయాసం పెరిగిందని ఆయన రెండో దరఖాస్తు పెట్టాక విచారణ సంఘం ఇంటికొచ్చింది. త్రివిక్రమరావు గారు, వారి సహాయకుడు, మానసిక సలహాదారు అనే కుర్ర ఆఫీసరు, వెనక ఏడుకొండలు. అందరూ వెనక వసారాలోకి వచ్చి, ముక్కులకు చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకుని, అక్కడే నిలబడి పెరడును తనిఖీ చేశారు.

"కిందికి దిగి చూడండి సార్, దగ్గరగా కనబడతాయి" అంది వెంగమాంబ.

"దూరదృష్టితో చూస్తున్నామమ్మా" అన్నారు త్రివిక్రమరావు గారు రుమాలు తియ్యకుండా.

మానసిక సలహాదారు ఆమె ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. కుర్రవాడు మర్యాదస్తుడు. తనకు తెలిసిన నాలుగు ముక్కలూ ఈ లోకానికి ఉపయోగపడాలని నిజంగా కోరుకుంటున్న మొహం.

"అమ్మా, మీకు చిన్నతనంలో ఎవరైనా బలవంతంగా ఆకుకూర తినిపించారా?"

"గోంగూర పెట్టకపోతే ఏడ్చేదాన్ని నాయనా."

"ఆ ఏడుపు గురించి కొంచెం చెబుతారా?"

"దాని గురించి ఏం చెప్తారు? పెట్టగానే మానేసేదాన్ని."

అతను రాసుకున్నాడు. "మొక్క దగ్గరికి వెళ్లినప్పుడు మీలో ఏ భావం కలుగుతుంది?"

"దురద."

"భావం అమ్మా, భావం."

"దురదగా ఉందనే భావం."

ఆమె బాధ చర్మానిది కాదనీ, హరిత విముఖత అనే మానసిక స్థితి చర్మం ద్వారా వ్యక్తమవుతోందనీ అతను నివేదిక ఇచ్చాడు. రోజూ ఉదయం మొక్క దగ్గరికి వెళ్లి, దాన్ని ప్రేమగా నిమురుతూ క్షమాపణ కోరితే క్రమంగా నయమవుతుందని సలహా కూడా రాశాడు.

వెంగమాంబ నవ్వింది. నవ్వు దగ్గులోకి, దగ్గు ఈలలోకి తిరిగింది.

మాలకొండయ్య నవ్వలేదు. ముద్ర ఉన్న ఆ నివేదికను పక్కన పెట్టుకుని రెండు రోజులు కుమిలాడు. మనసు ఒంటి మీద బొబ్బలెక్కించగలదని ఆయనా ఎక్కడో చదివాడు. పెళ్లయిన కొత్తలో వెంగమ్మకు ఆకుపచ్చ చీర కొంటే కట్టుకోకుండా చెల్లెలికిచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఆమె చేతి మీది ఎర్రటి దద్దుర్లను చూస్తూ, ఇవి నిజంగా ఉన్నాయా, లేక ఆమె ఉన్నాయనుకుంటే నేను చూస్తున్నానా అని తనను తాను అడిగాడు. తేల్చుకోవడానికి ఒకరోజు పెరట్లోకి వెళ్లి ఒక ఆకు తెంపి మణికట్టుకు రుద్దుకున్నాడు. సాయంత్రానికి అక్కడ ఎర్రగా పొంగింది. కానీ ఆయన దాన్నీ నమ్మలేదు. ఇన్నేళ్లు కలిసి బతికాం గదా, ఆమె విముఖత నాకూ అంటిందేమో అనుకున్నాడు. మనిషి తన బుద్ధినే అనుమానించడం నేర్చుకుంటే ఇక ఆ బుద్ధికి ఏ సాక్ష్యమూ చాలదు. ఒళ్లు చెప్పినా వినదు.

"మీరు గోక్కుంటున్నారు" అంది వెంగమాంబ.

"అది మానసికం."

"గోళ్లతో గోక్కుంటున్నారు."

*

మూడో దరఖాస్తుకు జవాబుగా ఆయన్ను కార్యాలయానికి పిలిచారు. కమిషనర్ గారు స్వయంగా కూర్చున్నారు. వెనక గోడకు వెండి ఆకు మెరుస్తోంది.

"మీ సమస్యను మేము మానవీయ కోణంలో చూశాము" అన్నారు కమిషనర్. "ఇందులో రెండు పక్షాలున్నాయి. రెంటి కలయిక వలన దద్దుర్లు ఉద్భవిస్తున్నాయి. కలయికను నివారించాలంటే ఒక పక్షాన్ని తొలగించాలి. అవునా?"

"అవునండి."

"మొదటి పక్షం వేళ్లతో భూమిలో పాతుకుని ఉంది. అది హరిత సంపద. రెండవ పక్షం..." ఆయన త్రివిక్రమరావు గారి వైపు చూశారు.

"కదలగల పక్షం" అన్నారు త్రివిక్రమరావు గారు. "శ్రీమతి వెంగమాంబ. ఫోటోలో పడలేదు. డ్రోన్ వచ్చినప్పుడు వంటింట్లో ఉండినట్లు తెలియుచున్నది."

మాలకొండయ్య మెదడు అలవాటు ప్రకారం కారణం కోసం కాగితం వైపు చూస్తోంది.

పట్టణంలో పచ్చదనం బొత్తిగా లేని చోటు ఒక్కటే మిగిలింది. పాత కబేళా వెనక సిమెంటు గదులు. పురపాలక వ్యయంతో ఆమెను అక్కడికి తరలిస్తారు. శుక్రవారం బండి వస్తుంది. భర్త అంగీకార సంతకం చెయ్యాలి. ఇలాంటి ఉత్తర్వు ఇంతకుముందు ఎప్పుడూ ఇవ్వలేదు గనక, మొక్కల తరలింపుకు ఉన్న పాత నమూనానే పేరు మార్చి వాడారు. సురక్షిత తొలగింపు అని దానికి శీర్షిక. ఎండ తగలకుండా సాయంకాలం తరలించవలెను. వేరు తెగకుండా, చుట్టూ ఉన్న మట్టితో సహా లేపవలెను. కొత్త చోట వాడిపోయినట్లు కనిపించినచో కొద్ది దినములు ఓపిక పట్టవలెను.

ఇంటికొచ్చి ఆయన దాన్ని పైకి చదివాడు. వెంగమాంబ వాచిన రెప్పలు ఎత్తి చివరిదాకా వింది.

"అంతా బాగానే ఉంది" అంది. "నన్ను తీసేస్తే నాకు బదులు మీరు ముగ్గుర్ని నాటాలా ఏంది?"

"ఆ నిబంధన మనుషులకు వర్తించదు. నేను అడిగాను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"అడిగారా" అంది.

*

శుక్రవారం సాయంకాలం బండి వచ్చింది. అది మొక్కలు మోసే ట్రాక్టరు. ట్రాలీలో గడ్డి పరిచి, పైన ఆకుపచ్చ వల కట్టి ఉంది. ఇలాంటి తొలగింపు రాష్ట్రంలో ఇదే మొదటిదని కమిషనర్ గారే వచ్చారు. విచారణ సంఘంతో సహా అందరూ వెనక వసారాలో కూర్చున్నారు. వెంగమాంబ గోడకు ఆనుకుని నిలబడింది. మూట కట్టుకోలేదు. ఆమె పీల్చే గాలి అందరికీ వినపడుతోంది.

"ఇక్కడ" అని త్రివిక్రమరావు గారు చోటు చూపించి పెన్ను ఇచ్చారు.

మాలకొండయ్య పెన్ను అందుకున్నాడు. ఎవరైనా పెన్ను ఇస్తే ఆయన చెయ్యి దానంతటదే సంతకానికి సిద్ధమవుతుంది. సంతకం చేసేముందు చదవడం కూడా ఆయనకు అలవాటు. ఈ ఉత్తర్వు వెనక కారణం కోసం ఆయన చివరిసారిగా, చాలా శ్రద్ధగా వెతికాడు.

ఈసారి దొరికింది. జీవితంలో మొదటిసారి ఒక ఉత్తర్వు పూర్తిగా అర్థమైంది. ఎక్కడా అతుకు లేదు. పచ్చదనం తగ్గకూడదు, మొక్క కదలదు, మనిషి కదులుతుంది. ఈ లెక్క ప్రకారం చూస్తే వెంగమ్మే ఈ పెరట్లో పిలవకుండా మొలిచింది. తను కూడా అంతే. ఇన్నేళ్లుగా కాగితాల్లో కారణం కనిపించనప్పుడల్లా తన చూపును తిట్టుకున్నాడు. ఇవాళ కనిపించింది. చూపులో లోపమేమీ లేదు, లోపం కాగితంలోనే ఉంది.

పెన్నుకు మూత పెట్టి త్రివిక్రమరావు గారి చేతికిచ్చాడు. వసారా మెట్లు దిగాడు. వయ్యారిభామల మధ్యకు నడిచి, వంగి, ఒకదాన్ని మొదలంటా పట్టుకుని లాగాడు. అది మట్టితో సహా ఊడొచ్చింది.

వసారాలో ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. దరఖాస్తు లేకుండా జరిగే పనిని వాళ్లెప్పుడూ కళ్లారా చూడలేదు.

"వారించండి" అన్నారు కమిషనర్.

"వారించవయ్యా" అన్నారు త్రివిక్రమరావు గారు సహాయకుడితో.

సహాయకుడు పెరటి వైపు చూసి, రుమాలు సరిచేసుకుని, "ఏడుకొండలూ, వెళ్లి పట్టుకో" అన్నాడు.

ఏడుకొండలు చివరి మెట్టు దాకా దిగి ఆగాడు. "దాంట్లోకా సార్? నాకు పడదు సార్ అది. రాత్రంతా గోక్కోవాల. మీరు రండి, మీ వెనకే వస్తా."

ఎవరూ రాలేదు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ హరిత విముఖత అప్పుడే మొదలైనట్టుంది. మానసిక సలహాదారు కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"సారూ, తమరు హరిత సంపదను కించపరుస్తున్నారు" అని వసారా నుంచే కేకేశారు త్రివిక్రమరావు గారు.

వెంగమాంబ లోపలికెళ్లి రెండు ప్లాస్టిక్ సంచులు, తువ్వాలు, బిందె తెచ్చింది. ఆఫీసర్ల మధ్యలోంచి, జరగండి జరగండి అంటూ దారి చేసుకుని, కుళాయి దగ్గరి మెట్టు మీద నిలబడింది.

"ఒట్టి చేతుల్తోనా మనిషీ. ఇవి కట్టుకోండి. మూతికి గుడ్డ కట్టుకోండి. నీళ్లు చల్లుతా ఆగండి, నేల తడిస్తే వేరు తెగదు."

"నువ్వు లోపలికి పో వెంగమ్మా. పుప్పొడి రేగుద్ది."

"పోతాలే. ముందు ఆ మూల నుంచి రండి."

ఆయన ఆ మూల నుంచి వచ్చాడు. చీకటి పడేసరికి గోతి తీసి, పీకినవన్నీ అందులో వేసి, మట్టి కప్పేశాడు. అంతసేపూ వసారాలో ఒక అత్యవసర సమావేశం జరిగింది. మొక్కలు పోయాయని రాస్తే పచ్చదనం తగ్గుతుంది. తగ్గితే వెండి ఆకు పోతుంది. తమ సమక్షంలోనే పోయాయని రాస్తే తామే పోతారు. కనుక మొక్కలు పోలేదు. ఇక ట్రాక్టరు వచ్చింది, డీజిల్ ఖర్చయింది, డ్రైవరు భత్యం మంజూరయింది. ట్రాక్టరు ఖాళీగా తిరిగి వెళ్లినట్టు రాస్తే ఆడిట్ వారు ఊరుకోరు. కనుక కదలగల పక్షం తరలిపోయింది. అందరూ సంతకాలు చేశారు. కమిషనర్ గారు వెళ్తూ వెళ్తూ, కుళాయి కింద బిందె కడుగుతున్న వెంగమాంబకు నమస్కారం పెట్టబోయి, సగంలో చెయ్యి దించుకున్నారు.

చలికాలం వచ్చేసరికి ఆమె రెప్పల వాపు పోయింది. మెడ మీద మచ్చలు మిగిలాయి. తెల్లవారుజామున మాలకొండయ్య మెలకువ వచ్చి చెవి ఒగ్గి వింటే, పక్కన మామూలు ఊపిరి వినపడేది. అప్పుడు ఆయన మళ్లీ నిద్రపోయేవాడు.

ఒకనాడు మధ్యాహ్నం తనిఖీకి కొత్త ఉద్యోగి వచ్చాడు. గోడకు అవతలే నిలబడి, చేతిలో కాగితాలు చూసుకుంటూ లోపలికి వినపడేట్టు అడిగాడు. పెరట్లో చీరలు ఆరేస్తున్న ఆడమనిషి తల తిప్పింది.

"ఇక్కడ వెంగమాంబ అని ఒక కదలగల పక్షం ఉండాల. తొలగించారాండీ?"

"ఎప్పుడో తీసేశారు నాయనా."

"మళ్లీ ఏం రాలేదు కదా?"

"రాలేదు."

అతను రాసుకున్నాడు. "మరి హరిత సంపదండీ? బాగుందా?"

ఆమె ఊడ్చి కళ్లాపి చల్లిన ఒట్టి నేల వైపు ఒకసారి చూసింది.

"నిలువెత్తు పెరిగింది. లోపలికొచ్చి చూస్తావా?"

అతను జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు పెట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వద్దులేమ్మా" అన్నాడు. "చూడకుండానే రాస్తాను."